పద్నాలుగో నంబరు కార్డు

1963 ఏప్రిల్ 22, సోమవారం. హిందూపురం

సర్వే కోసం విశ్వేశ్వరం సారు నలుగురు విద్యార్థులకూ తలా రెండు నోటుపుస్తకాలు ఇచ్చారట. రోజూ చూసింది చూసినట్టు రాయాలని చెప్పారట. మా ఆయన ఒకటి తనకు ఉంచుకొని రెండోది నాకిచ్చాడు. "నువ్వూ రాయి, చెయ్యి తిరుగుతాది" అన్నాడు. ఆరో తరగతితో బడి మానేశాక నేను రాసినవి ఉత్తరాలే. ఇది ఎవరూ చదవరు కాబట్టి తప్పులు పోయినా ఫరవాలేదు.

పని ఇది. ఇంటింటికీ పోవాలి. నలభై ఐదేళ్ళలోపు పెండ్లయిన ఆడవాళ్ళను మీకు పిల్లలెందరు, ఎందరున్నారు, పోయినవాళ్ళు ఏ వయసులో పోయారు అని అడిగి కార్డు మీద రాయాలి. తర్వాత ఆ కార్డులన్నీ కూడి, భాగించి, ఏ వీధిలో పసిపిల్లలు ఎక్కువ పోతున్నారో తేలుస్తారు. దీన్ని బయోస్టాటిస్టిక్స్ అంటారట. ఆ మాట ఆయన చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. అనంతపురం కాలేజీలో రెండో ఏడు అయినవాళ్ళకు ఈ ఎండాకాలం సెలవుల్లో కొత్తగా పెట్టారు. హిందూపురం, పెనుకొండ, చివర ధర్మవరం.

మొదటి వారం నలుగురూ తిరిగి తిరిగి వస్తే ఒక్క ఆడమనిషీ నోరు విప్పలేదట. మగపిల్లలు కార్డులు పట్టుకొని వాకిట్లో నిలబడితే ఎవరు చెప్తారు. నలుగురిలో పెండ్లయినవాడు ఈయనొక్కడే. మీ ఆవిడను తోడు తెచ్చుకోవయ్యా అన్నారట సారు. అట్లా వచ్చాను. హిందూపురం నా పుట్టిల్లు కాబట్టి అత్త ఒప్పుకుంది.

నలుగురిలో ఎవరి రిపోర్టు బాగుంటే వాళ్ళ పేరు కలకత్తాకు పంపుతారు. డిగ్రీ అయ్యాక అక్కడ పెద్ద చదువు. జూన్ పదిహేనులోగా రిపోర్టు చేరాలి. మామ ముందే చెప్పేశాడు. పేరు కలకత్తాకు పోతే చివరి ఏడు చదివిస్తాడు. పోకపోతే ధర్మవరంలో మగ్గం. ఆయన ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తడు. రైల్లో మాత్రం, "నీ నోటి మీద నా బతుకు ఉండాది చూడు" అన్నాడు, నా నోటి సంగతి తెలిసి కూడా.

ఏప్రిల్ 24

పదకొండు ఇళ్ళు. మొదటి ఇంట్లో నాకు గొంతు రాలేదు. శంకరప్ప అని నలుగురిలో ఒకడు, ఈయన స్నేహితుడు ఉన్నాడు, పెనుకొండవాడు. "వదిన అడిగేది ఆ యమ్మకు ఇనపడల్లంటే చెవి తెచ్చి నోటి కాడ పెట్టాల" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత గొంతు వచ్చింది.

ఒక గానుగ ఇంట్లో పెద్దామె అడిగింది.

"బిడ్డల్ని లెక్క రాసుకోని పోతే మాకేమిస్తారమ్మే?"

"ఏమీ ఇయ్యరక్కా."

"ఏమీ ఇయ్యకుండా ఈ ఎండలో తిరుగుతాండారా? మీ అత్త ఏమీ అనదా?"

"అంటాది."

"అట్లయితే కూకో, మజ్జిగ తాగు. అనిపించుకోని వచ్చినావు, తాగి పో."

ఆమె కోడళ్ళిద్దరూ పిల్లల పేర్లన్నీ చెప్పారు. ఒకామెకు తెలుగు రాదు, కన్నడంలో చెప్పింది. నేను తెలుగు చేసి చెప్తే ఆయన రాసుకున్నాడు. బయటకు వచ్చాక నా వైపు చూసి తల ఊపాడు. ఆ ఊపు కోసం ఇంకో పదకొండు ఇళ్ళు తిరగొచ్చు.

ఏప్రిల్ 27

అమ్మ అడిగింది. "ఊర్లో అందరి బిడ్డల్నీ అడిగి వస్తాండావే, నీకేమీ అనిపించదా?"

ఏమీ అనిపించదు అన్నాను. అది పని.

పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ వెనక గదిలో పడుకోలేదు. ఉక్కగా ఉంటుంది అక్కడ.

మే 2

హిందూపురం అయిపోయింది. రెండు వందల పన్నెండు కార్డులు. సారు చూసి, తెలుగులో ఒక మాట, ఇంగ్లీషులో ఒక మాట అని మెచ్చుకున్నారట. ఆయన తెలుగు మాట మాత్రం నాకు చెప్పాడు.

సారు గోదావరి వైపు మనిషి. నెమ్మదిగా, పుస్తకం చదివినట్టు మాట్లాడతారు. విద్యార్థులకు ఆయన పెట్టిన సూత్రం ఒకటే. తెలుసనుకున్నది కూడా అడగకుండా రాయకూడదు.

మే 9. పెనుకొండ

శంకరప్ప పిన్నమ్మ ఇంట్లో దిగాము. విద్యార్థులు బడిలో పడుకుంటారు. పొద్దున్నే కొండ కింది వీధికి పోయాము. ఎండ తొమ్మిదికే రాళ్ళ మీద నుంచి కొడుతుంది.

ఒక రైతు ఇల్లు. పాతికేళ్ళామె. నన్ను లోపలికి పిలిచింది, ఆయన అరుగు మీద కూర్చున్నాడు. పిల్లలెందరు అంటే ముగ్గురు అంది. ముగ్గురూ ఉన్నారా అంటే ఉన్నారు అని ముగ్గురినీ పిలిచి చూపించింది. పోయినవాళ్ళెవరైనా ఉన్నారా అంటే ఎవరూ లేరంది.

నాకు మల్లెపూల వాసన వచ్చింది. ఆమె తలలో పూలు లేవు. దేవుడి గూట్లో లేవు. ఆమె నీళ్ళ చెంబు ఇవ్వడానికి వంగినప్పుడు ఆ వాసన రవికలో నుంచి వచ్చింది.

నేను లేచి వచ్చేశాను. మూడు, మూడు, సున్నా అని ఆయనకు చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

మే 10

ఒంట్లో బాగాలేదని ఉండిపోయాను. ఎండ దెబ్బ.

మే 12

ఎండ దెబ్బ కాదు.

పాలు ఇంకిపోవడానికి రొమ్ముల మీద మల్లెపూలు కడతారు. నాకు మా అమ్మ కట్టింది, పోయిన శ్రావణంలో, వెనక గదిలో. అప్పటికి పూల కాలం అయిపోయింది. నాయన ఎక్కడెక్కడో తిరిగి రెండు మూరలు తెచ్చాడు. ఎవరికి అని పూలమ్మే ఆమె అడిగితే దేవుడికి అన్నాడట.

తొమ్మిది రోజులు. పదకొండో రోజు పేరు పెట్టాలి. పసుపు నీళ్ళకు కుండ కూడా తెచ్చి పెట్టారు. తొమ్మిదో రోజు సాయంత్రం ఏడుపు సన్నగా అయిపోయింది, దీపాలు పెట్టేవేళకు లేదు. నాయన, చిన్నాయన తీసుకొని పోయారు. ఎక్కడికి అని నేను అడగలేదు.

అత్త మూడో రోజున ధర్మవరం నుంచి వచ్చి చూసి పోయింది. బిడ్డ పోయాక మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చొని చెప్పింది. "పేరు పెట్టని బిడ్డను నోటితో లెక్కపెట్టగూడదు. లెక్కపెడితే దాని ఎనక వచ్చేది నిలవదు. ఎవురన్నా అడిగితే ఇంకా లేరు అను." ఆమె కోపంగా చెప్పలేదు. నా తల దువ్వుతూ చెప్పింది.

ఆయనకు అప్పుడు అనంతపురంలో పరీక్షలు. పదహారో రోజు వచ్చాడు. గుమ్మంలో నిలబడి "ఒళ్ళు ఎట్లుండాది?" అన్నాడు. బాగుంది అన్నాను. ఇంకేమీ అడగలేదు. నాకు బాధవుతుందని అడగలేదు. అది ఆయన మంచితనం. ఇప్పటికీ అడగలేదు.

పెనుకొండ ఆమె అబద్ధం చెప్పలేదు. నేనైనా అదే చెప్పేదాన్ని. ముగ్గురు, ముగ్గురు, సున్నా.

మే 20. ధర్మవరం

ఇంటికి వచ్చేశాము. మిగిలింది మా వీధి, పక్క వీధి. మా వీధిలో ఇరవై మూడు ఇళ్ళు, అన్నీ మగ్గాలే. ఇంట్లో వాళ్ళనే అడిగినట్టు ఉంటుంది కాబట్టి నేను లేకుండా ఆయనే అడిగి వస్తానన్నాడు. మగ్గానికి కండెల మీద పోగు చుట్టే పని నా మీద పేరుకుపోయి ఉంది. అత్త రెండు బుట్టలు ముందు పెట్టి, "ఊరి బిడ్డల లెక్క అయ్యిండాది గదా, ఇంగ ఈ పోగుల లెక్క జూడు" అంది.

మే 24

మా వీధి కార్డులు అయిపోయాయి. రాత బాగుంటుందని వాటి నకలు నన్ను రాయమన్నాడు. మధ్యాహ్నం శంకరప్ప, నలుగురిలో ఇంకొకడు మద్దిలేటి వచ్చారు. అరుగు మీద కూర్చొని ముగ్గురూ కూడారు. నేను లోపల రాట్నం దగ్గర ఉండి విన్నాను.

మా వీధిలో ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు. పుట్టిన పిల్లలు నూట పద్దెనిమిది. నెల నిండకుండా పోయినవాళ్ళు ఇద్దరు.

"ఇద్దరేనా? ఒకసారి చూడబ్బా" అన్నాడు మద్దిలేటి.

"చూసినా. రెండే."

"మా ఊర్లో అయితే వందకు పదిమందన్నా పోతారు."

"మీ ఊర్లో ఆడోళ్ళు చేన్లోకి పోతారు. ఈడ నీడపట్టున కూకోని రాట్నం తిప్పుతారు. గాలి తగలదు, ఎండ తగలదు. బిడ్డ పక్కనే ఉంటాది. అందుకే బతుకుతాండారు" అన్నాడు ఆయన.

"ఇది రాయప్పా రిపోర్టులో" అన్నాడు శంకరప్ప. "కలకత్తాకు నువ్వే పోతాండావు. రసగుల్లాలు పంపీ."

ఆయన నవ్వు లోపలికి వినిపించింది. పెండ్లయిన రెండేళ్ళలో ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు.

నా చేతిలో పోగు తెగింది. ముడి వేశాను. మళ్ళీ తెగింది.

ఈ వీధిలో నెల నిండకుండా నాకు తెలిసే నలుగురు పోయారు. కోడలై వచ్చి రెండేళ్ళకే నాకు తెలిసినవి నాలుగు.

మే 25

పొద్దున నకలు రాస్తూ రాస్తూ పద్నాలుగో నంబరు కార్డు తిప్పాను.

ఇంటి యజమాని: దాసప్ప. స్త్రీ పేరు: జయలక్ష్మమ్మ. వయసు: 18. పుట్టిన పిల్లలు: లేరు. పోయిన పిల్లలు: లేరు.

మామ పేరు చూసి కూడా నా పేరు నా కళ్ళకే కొంచెంసేపు తెలియలేదు. ఎవరో జయలక్ష్మమ్మ అనుకున్నాను.

ఆయన నీళ్ళు పోసుకొని వచ్చాడు. కార్డు చూపించాను.

"ఇది ఎవరు రాసినారు?"

"నేనే. మన ఇల్లే గదా, అడిగేదేముండాది?"

"పుట్టిన పిల్లలు లేరు అని ఉంది."

"లేరు గదా."

కోపంగా అనలేదు. దాచిపెడుతున్నట్టూ అనలేదు. తల తుడుచుకుంటూ, గంటెంత అయిందంటే చెప్పినట్టు చెప్పాడు. చెప్పి తువ్వాలు దండెం మీద వేసి అన్నానికి పోయాడు.

నేను ఆ కార్డు నకలు రాశాను. లేరు. లేరు. నా చేత్తోనే.

మే 26

కండెలు చుట్టాను.

మే 27

కండెలు చుట్టాను. అత్త రెండుసార్లు అన్నానికి పిలిచిందట.

మే 29

పక్కింటి నారాయణమ్మ కూతురు ప్రసవించింది. మగబిడ్డ. బాలింతకు పెట్టడానికి శొంఠి, మిరియాలు, బెల్లం వేసి మా ఇంట్లో రోట్లో కాయం దంచారు. అత్త, నారాయణమ్మ, ఎదురింటి రత్నమ్మ. నేను బెల్లం తరుగుతున్నాను.

"మిరియాలు తక్కువ ఎయ్యి తిప్పమ్మా" అంది నారాయణమ్మ మా అత్తతో. "నాకు ఆరోమారు తిన్నప్పుడు కడుపులో నిప్పు పోసినట్లాయె."

"నువ్వు ముద్దలు ముద్దలు మింగితే మిరియాలదా తప్పు?" అంది రత్నమ్మ. "నేను ఐదుమార్లు తిన్నా. ఏమన్నా అయ్యిందా నాకు?"

"నీకేమయితాది, రాళ్ళు తిన్నా అరుగుతాది."

నవ్వుకున్నారు. నాకు కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. నారాయణమ్మ కార్డు నేనే నకలు రాశాను. నలుగురు. రత్నమ్మది ముగ్గురు.

ఎంత సులభంగా చెప్పారు. ఆరుమార్లు. ఐదుమార్లు. పోయిన బిడ్డ గురించి అడిగితే పెదవి కదపనివాళ్ళు తిన్న మందు గురించి అడిగితే లెక్క తప్పకుండా చెప్తారు. బాలింత అయితేనే కదా కాయం పెట్టేది. బిడ్డ దక్కినా దక్కకపోయినా తల్లికి పెడతారు.

నాకూ పెట్టారు. ఒకసారి.

జూన్ 2

నాలుగు రోజులు. ఎవరూ పంపలేదు. పోగులు ఇవ్వడానికో, బొగ్గులు అడగడానికో ఒక్కో ఇంటికి పోయాను. కూర్చొని వాళ్ళ చేతిపని కాసేపు చేశాను. నారాయణమ్మ కూతురి కాయం మాట ఎత్తాను. ఎన్నిమార్లు తిన్నావక్కా అన్నాను. ఒక్కరు కూడా చెప్పను అనలేదు. ఇద్దరు వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఒకామె చెప్పాక నా మొహం చూసింది. నేను ఎందుకడిగానో ఆమెకు అర్థమైంది. లేచి లోపలికి పోయి చాలాసేపు రాలేదు. నేను పోదామని లేస్తుంటే వచ్చి, "అందులో ఒకటి సచ్చే పుట్టిండె. అది ఏరేగా రాసుకో" అంది. నేను రాసుకోవడం ఆమె చూడలేదు. నా చేతిలో కాగితం లేదు. ఆ తర్వాత పోయిన ఇళ్ళలో నేనే అది కూడా అడిగాను. వెనక పోయినవాళ్ళ దగ్గరికి మళ్ళీ పోయి అడిగాను. చెప్పారు.

ఇంటికి వచ్చి కాగితం మీద గీతలు గీసి రాశాను. ఒక వరసలో ఇంటి నంబరు. రెండో వరసలో కార్డులో ఉన్న పిల్లలు. మూడో వరసలో కాయం.

కార్డుల్లో నూట పద్దెనిమిది. కాయం నూట నలభై రెండు. తేడా ఇరవై నాలుగు. చచ్చి పుట్టినవి ఐదు తీసేస్తే పంతొమ్మిది.

కూడిక తప్పయి ఉంటుందని మళ్ళీ కూడాను. కింద నుంచి పైకి కూడాను. పంతొమ్మిది. ఈ ఇరవై మూడు ఇళ్ళలో. రోజూ నీళ్ళకు పోయి నేను పలకరించే వాళ్ళకు. పొద్దున ముగ్గు వేస్తూ నవ్వే వాళ్ళకు.

పద్నాలుగో నంబరు దగ్గర కూడా రాశాను. సున్నా. ఒకటి.

జూన్ 4

ఆయనకు చెప్పాలి. ఆయన రిపోర్టు తెల్లకాగితం మీద ఎత్తి రాస్తున్నాడు. "నేత వీధుల్లో పసిపిల్లల మరణాలు మిక్కిలి తక్కువ" అని మొదటి వాక్యం. అన్నం దగ్గర కూడా ఆ మాటలే. చెప్తే ఆ వాక్యం పోతుంది. ఆ వాక్యం పోతే కలకత్తా పోతుంది. మామ రెండో మగ్గానికి కాళ్ళు దించి కూర్చునే గుంట బాగు చేయిస్తున్నాడు, పనివాళ్ళు వచ్చారు. మట్టి తీయిస్తూ ఈయన వైపు చూస్తాడు.

నేను చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు. పోయినవాళ్ళు పోయారు. సారుకు తెలియదు. కలకత్తా వాళ్ళకు అసలే తెలియదు.

జూన్ 6

కార్డులు, రిపోర్టు ఉన్న కట్టను ఆయన మధ్యాహ్నం ప్యాసింజరులో పెనుకొండకు తీసుకుపోయి, అక్కడి బడిలో ఉంటున్న సారుకు ఇచ్చి వచ్చాడు. కట్ట నేనే కట్టాను. నా కాగితం ఎక్కడో కార్డుల మధ్య ఉండిపోయినట్టుంది. తీద్దామనుకున్నాను. మరిచిపోయాను.

జూన్ 7

మరిచిపోలేదు.

జూన్ 9

సారు వచ్చారు. మా ఇంటికి. అరుగు మీద చాప వేశారు. మామ ఎదురుగా కూర్చున్నాడు, ఆయన నిలబడ్డాడు. నేను తలుపు వెనక ఉన్నాను. సారు చొక్కా జేబులో నుంచి నా కాగితం తీశారు.

"ఇది నీ రాతేనా ఆదినారాయణా?"

"కాదు సార్." చూసి, "ఇది యాడిది సార్?" అన్నాడు.

"నీ కట్టలోదే. కాయం అంటే ఏమిటో బడిలో వంట చేసే ఆమెను అడిగి తెలుసుకున్నాను. పద్నాలుగో నంబరు ఎవరి ఇల్లు?"

మామ అటూ ఇటూ చూశాడు.

"మాదే సార్" అన్నాడు ఆయన.

"నువ్వు సున్నా రాశావు. ఇక్కడ ఒకటి ఉంది. అడిగే రాశావా?"

ఆయన తల వంచుకొని నిలబడి ఉన్నాడు, బడిలో దెబ్బలు తినే పిల్లవాడి మాదిరి. నేను అట్లా చూడలేకపోయాను.

"నేను రాసినాను" అన్నాను తలుపు వెనక నుంచి.

నా గొంతు చాలా పెద్దగా వచ్చింది. నాకే భయమేసింది.

సారు తలుపు వైపు తిరగలేదు. అట్లాగే కూర్చొని ఒక్కో సంగతి అడిగారు. ఎట్లా అడిగావమ్మా, ఏం చెప్పారు, రెండుసార్లు కూడావా అని. చెప్పాను. చివరికి ఆయనతో అన్నారు.

"ఇది చూశాక ఆ కార్డులు పంపలేనయ్యా. ఈ వీధివే కాదు, హిందూపురానివీ, పెనుకొండవీ ఇంతే అయి ఉంటాయి. మనం అడిగిన ప్రశ్నే తప్పు. మళ్ళీ అడగాలి. పదిహేనుకు అందవు. ఈ ఏడు ఎవరి పేరూ పంపను. సెలవుల్లో మిగిలిన మూడు వారాలు ఉండి మళ్ళీ అడిగేవాళ్ళు ఉంటే ఉండండి. పోయేవాళ్ళు పోవచ్చు."

మామ లేచి మగ్గం గుంట దగ్గరికి పోయాడు.

జూన్ 10

శంకరప్ప పెట్టెతో వచ్చాడు, ఊరికి పోతూ. "ఒక్క కాగితంతో నలుగురిని ఇంటికి పంపినావే వదినా. నీ నోరు ఇనపడదనుకుంటి." నవ్వుతూనే అన్నాడు. సగం నవ్వు.

ఆయన నాతో మాట్లాడలేదు.

జూన్ 11

మాట్లాడలేదు.

జూన్ 12

అన్నం పెడుతుంటే అన్నాడు. "నాతో ఒక మాట చెప్పింటే ఏమి?"

"చెప్పినాను. కార్డు చూపించినాను."

గ్లాసు ఎత్తినవాడు అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు. ఏ కార్డో, ఎప్పుడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది. గుర్తు రాలేదు. నేను ఆయన మొహంలో చూశాను, నిజంగానే గుర్తు రాలేదు.

జూన్ 14

కొత్త గుంటలో మగ్గం దించారు. మామ దానికి పసుపు రాశాడు. ఆయన వాకిట్లో ఉండి చూశాడు. మధ్యాహ్నం మద్దిలేటి వచ్చి చాలాసేపు మాట్లాడి పోయాడు. మద్దిలేటి ఉంటాడట, మళ్ళీ అడుగుతాడట.

జూన్ 17, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఆయన కార్డుల కట్ట తీశాడు. కొత్త కార్డులు. పెన్నులో సిరా పోశాడు. మద్దిలేటితో పోతాడేమో అనుకున్నాను. మామకు వినపడేలా, "మిగిలిన రెండు వారాలూ ఇది చేస్తా నాయనా. ఆ పైన మగ్గం మీద కూకుంటా" అన్నాడు. మామ లోపల మగ్గంలో ఉన్నాడు. మగ్గం చప్పుడు ఆగలేదు.

ఆయన బయటకు పోలేదు. వసారాలోకి వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నాడు. నేను కండెలు చుడుతున్నాను, అత్త పక్కన రాట్నం తిప్పుతోంది. కార్డు మోకాలి మీద పెట్టుకొని పైన నంబరు వేశాడు. పద్నాలుగు.

"పేరు?" అన్నాడు.

అత్త రాట్నం ఆపి చూసింది. "పెండ్లాం పేరు తెలీదా నీకు?"

"అడిగి రాయల్ల అమ్మా."

నేను చెప్పాను. వయసు చెప్పాను. ఆయన రాశాడు.

"ఎన్నిమార్లు కాయం తిన్నావు?"

అత్త వైపు చూశాను. ఆమె దారం వైపు చూస్తోంది.

"ఒకసారి."

"బతికి పుట్టిందా?"

"ఆ."

"ఎన్ని దినాలు ఉండె?"

"తొమ్మిది."

రాశాడు. అంకె రాసేటప్పుడు పెన్ను కొంచెం గీసుకుంది. తర్వాతి గడి దగ్గర ఆగాడు. కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఆడా? మగా?"

సూత్రం ప్రకారం అడుగుతున్నాడు అనుకున్నాను. తెలుసనుకున్నది కూడా అడగాలి కదా. జవాబు చెప్పబోయి ఆయన మొహం చూశాను. సూత్రం కాదు. ఆయనకు తెలియదు.

పది నెలలు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నాకు బాధవుతుందని అడగలేదు అనుకున్నాను. ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. మంచితనం అని రాసుకున్నాను. ఆయనకు మాత్రం మొన్నటిదాకా అడగడానికి ఏమీ లేదు. లేరు గదా అన్నది నిజంగానే అన్నాడు.

ఆడ అన్న రెండు అక్షరాలు. నోరు తెరిచాను, రాలేదు. ఆయన చేతిలో పెన్ను గడి మీద అట్లాగే ఉంది.

"ఆడబిడ్డ" అంది అత్త.

రాట్నం వైపే చూస్తూ చెప్పింది. "మూడోనాడు పోయి చూసినా. నీ చెవులే. ఎత్తుకుంటే నా ఏలు పట్టుకోని ఇడవలా."

ఆయన రాశాడు. రాసి, కార్డు అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు. కాసేపటికి అత్త మళ్ళీ అంది.

"నాది గూడా రాసుకో. ఏడుమార్లు."

ఆయన తల ఎత్తాడు. ఆయనకు ఒక్క అక్క, అమరాపురంలో ఇచ్చారు. నాలుగేళ్ళప్పుడు అమ్మవారు పోసి పోయిన తమ్ముడొకడు. ఈ ఇంట్లో ఎప్పుడూ చెప్పే లెక్క మూడు.

"నీకు నలభై ఐదు దాటె గదా అమ్మా. దాటినోళ్ళను రాయగూడదు" అన్నాడు.

"రాయొద్దులే. విను."

ఆయన కార్డు పక్కన పెట్టాడు. అత్త రాట్నం తిప్పుతూనే చెప్పింది. "మొదటిది మీ అక్క. రెండోది మగపిల్లోడు, పుట్టినదినం సాయంత్రం దాకా ఉండె, ఆ ఏడు వానలు లేవు, బావిలో నీళ్ళు లేక పక్క వీధి నుంచి తెచ్చి పోసినారు నాకు. మూడోది నువ్వు. నాలుగోది ఆడబిడ్డ, తెల్లగా ఉండె, అందరూ చూడాలని వస్తాండ్రి, ఐదు దినాలు."

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"ఆరు దినాలు" అన్నాడు మామ, గుంటలో నుంచే.